రేడియో అక్క బతికిన రోజు

నవ్వితే నవ్వండి, ముందే చెబుతున్నాను. ఇన్నేళ్ళుగా నా గుండెల మీద కూర్చున్నది ఒక కంప్యూటర్ గేమ్‌లో జరిగిన సంగతి. హత్య కాదు. దొంగతనం కాదు. ఎవరి కొంపా ముంచలేదు. ఒక మనిషి నిజం చెబుతుంటే, అది నిజమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుండి, చూడలేదన్నాను. అంతే. ఈ ‘అంతే’ అన్న మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అంతే అయితే ఇప్పటికీ ఎందుకు వదలదు? ఒంటరిగా స్కూటర్ మీద పోతున్నప్పుడు ఎందుకు గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కూర్మన్నపాలెం జంక్షన్‌కి కాస్త అవతల, మందుల షాపు పైన, రేకుల కప్పు కింద ఒక గేమింగ్ సెంటర్ ఉండేది. నేను ఇంటర్ చదివేవాణ్ణి. మా గుంపులో అందరి నాన్నలూ విశాఖ స్టీలు ప్లాంటు ఉద్యోగులే, గోదావరి నుంచో కృష్ణా నుంచో వచ్చి స్థిరపడినవాళ్ళు. ఒక్క శీను మాత్రం సబ్బవరం అవతలి పల్లె నుంచి వచ్చాడు. వాళ్ళది వ్యవసాయం. వాడు పిన్ని ఇంట్లో ఉండి ఐటీఐ చదివేవాడు. వాడి యాసకి, ఆ ‘నాను’కీ, ‘ఏటి’కీ మావాళ్ళు వెనక నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. వాడు మాత్రం నన్ను నోరారా ‘బావా’ అని పిలిచేవాడు.

గేమ్ పేరు చెప్పను, కథ చెబుతాను. నడిసముద్రంలో ఒక పెద్ద ఓడ. దాన్ని దుండగులు పట్టుకుంటారు. మనం అందులో మెకానిక్. తెర మీద మన చేతిలోని తుపాకీ తప్ప మన ఒళ్ళు మనకి కనపడదు. వైర్‌లెస్ గదిలో ఉన్న ఒక అమ్మాయి మన చెవిలో మాట్లాడుతూ దారి చూపిస్తుంటుంది. ఎడమకి తిరుగు, మెట్ల కింద ఒకడున్నాడు, ఆగు, ఇప్పుడు వెళ్ళు. మేము ఆమెని రేడియో అక్క అనేవాళ్ళం. సగం గేమ్ అయ్యేసరికి ఆమె ఇంజన్ రూమ్ పక్కన ఒక ఇనప తలుపు వెనక చిక్కుకుపోతుంది. లోపల నీళ్ళు పైకొస్తుంటాయి. బయట మూడు వైపుల నుంచి దుండగులు, వాళ్ళున్నంతసేపూ ఆమె తలుపు తీయదు. అందర్నీ కాల్చేసి తలుపు దగ్గరికి చేరేసరికి ఆమె గొంతు ఆగిపోతుంది. ఎంత తొందరగా కాల్చినా అంతే. ఆ తరవాత మిగతా ఓడంతా చెవిలో ఎవరూ లేకుండా తిరగాలి.

ఆ గేమ్ తయారుచేసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. లెవెల్ మొదట్లో తప్ప ఎక్కడా సేవ్ చేసుకోనివ్వరు, ఇంజన్ రూమ్‌లో చచ్చిపోతే ఎక్కడో పై డెక్కు నుంచి మళ్ళీ మొదలు. మళ్ళీ అదే నిచ్చెన, మళ్ళీ అదే నత్తనడక లిఫ్టు. ఆ లిఫ్టులో దిగుతూ మేము తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అయినా అయిపోగానే మొదటినుంచి ఎందుకు ఆడేవాళ్ళం? ఏ మూల ఎవడు దాక్కున్నాడో తెలిసి, వాడు తల బయటపెట్టే లోపే కాల్చడంలో ఒక మజా ఉంది, అందుకు. అక్క గొంతు మళ్ళీ వినొచ్చు, అందుకు. ఈసారైనా బతుకుతుందేమోనని. ఈ ఆఖరి మాట పైకి ఎవరూ అనేవారు కాదు.

మాది దొంగ సీడీ. ఒకే సీడీలో పట్టించడానికి ఎవడో మహానుభావుడు మధ్యలో కథ చెప్పే సినిమా ముక్కలన్నీ కోసి పారేశాడు. కథ కోసం ఆడే గేమ్‌లో కథనే కోసేస్తారా ఎవరైనా? ఒక లెవెల్ అవగానే తెర నల్లబడేది, చటుక్కున ఇంకెక్కడో తేలేవాళ్ళం. ఆ ఖాళీలన్నీ నేను పూరించేవాణ్ణి. నాది ఇంగ్లీషు మీడియం మరి. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న మా చుట్టాలబ్బాయిని అడిగి తెలుసుకున్నానని చెప్పేవాణ్ణి. పచ్చి అబద్ధం. నాకు అలాంటి చుట్టం లేడు. నోటికొచ్చిన కథ చెప్పేవాణ్ణి, అందరూ నోరెళ్ళబెట్టి వినేవారు. నన్ను ‘మాస్టారు’ అనేవారు. ఆ పిలుపు నాకెంత బాగుండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అక్క చావాల్సిందే, కథే అది, బతికించే దారి లేదు అని నేనే తేల్చి చెప్పాను.

ఇక శీను. వాడు అమాయకుడని అనుకుంటారేమో, కాదు. ఉత్త కోతలరాయుడు. వాళ్ళ ఊళ్ళో చిరుతపులిని కర్రతో తరిమాడట. హార్బర్‌లో వాళ్ళ మావయ్య సొంతంగా ఓడ నడుపుతాడట. గేమ్‌లోనూ అంతే. గోడలు, గొట్టాలు, పీపాలు, కనపడిన ప్రతిదాన్నీ కాల్చి, తీరా శత్రువులు వచ్చేసరికి ఖాళీ తుపాకీతో పరిగెత్తేవాడు. ‘సొల్లు శీను’ అని మా ప్రసాద్ పేరు పెట్టాడు. శీనూ నవ్వేసి ఊరుకునేవాడు. నాకు వాడి మీద కూడా కోపమే. అన్ని అబద్ధాలు ఎందుకు చెప్పావురా? ఒక్క నిజం చెప్పాల్సిన రోజు వస్తుందని ఆలోచించుకోవద్దా? ఇలా వాడి మీదకి తోసేస్తే నాకు కొంచెం తేలికవుతుంది. కొంచెమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం మిగతావాళ్ళు కింద బండి దగ్గర బజ్జీలు తింటున్నారు. పైన మేమిద్దరమే. శీను ఆడుతున్నాడు, నేను పక్క కుర్చీలో ఉన్నాను. హెడ్‌ఫోన్స్ ఒక్కటే. తిప్పి పట్టుకుని ఒక వైపు వాడి చెవికి, ఒక వైపు నా చెవికి ఆనించుకున్నాం. ఎప్పట్లాగే వాడు ఇంజన్ రూమ్ చేరేసరికి ఒక్క తూటా లేదు. కాల్చడానికి ఏమీ లేక వెళ్ళి ఆ ఇనప తలుపు పక్క చీకట్లో నక్కాడు. కంగారులో కీబోర్డు మీద దొరికిన కీ అల్లా నొక్కుతున్నాడు. దుండగులు వచ్చారు, టార్చిలు తిప్పారు, తుపాకీ చప్పుడు లేకపోయేసరికి వెతికి వెతికి వెనక్కి పోయారు. అప్పుడు తలుపు లోపలి నుంచి తెరుచుకుంది. నీళ్ళలో తడిసిన ఒక చెయ్యి కనపడింది. తెర నల్లబడింది, ఆ ముక్క ఎటూ కోసేశారు కదా. తరవాతి లెవెల్ మొదలైంది. మాకెప్పుడూ నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ లెవెల్‌లో, నా చెవిలో, అక్క గొంతు వినపడింది. నీ వెనకే ఉన్నాను, పద అంది.

శీను నా వైపు తిరిగాడు. సేవ్ చేద్దామని వాడు చెయ్యి చాచేలోపే కరెంటు పోయింది.

వాడు మెట్లు దిగుతూనే అరిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. బండి దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. వాడు ఆగకుండా, “అక్క బతికీసిందిరా. నాను అందర్నీ కొట్టీసాను. ముప్పైమందొచ్చినారు, ఒక్కొక్కడ్నీ ఏసీసాను. తలుపు తీసీసింది” అన్నాడు. చూశారా? నిజం చేతిలో పెట్టుకుని కూడా దానికి కోతలు అతికించాడు. ప్రసాద్ బజ్జీ నములుతూ, “మాస్టారూ, నువ్వున్నావుగా పైన. నిజమేనా?” అని నన్ను అడిగాడు.

శీను నా చెయ్యి పట్టుకున్నాడు. “సెప్పు బావా. నువ్వు సూసావు కదేటి. నా మాట ఈళ్ళు నమ్మరు. నువ్వు సెప్తే నమ్ముతారు. ఒక్క మాట సెప్పు.”

“నేను చూడలేదు” అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. “ముప్పైమందిని కొట్టాడట, వీడి దగ్గర తూటా ఉంటే కదా. ఎప్పటి సొల్లే” అన్నాను. అందరూ మళ్ళీ నవ్వారు. వాడు నా చెయ్యి వదిలేశాడు.

ఎందుకన్నాను? బతకదని తేల్చి చెప్పిన మాస్టారు తప్పయిపోతాడని. చుట్టాలబ్బాయి లేడని తేలిపోతుందని. అందులోనూ కనిపెట్టింది ఎవరు? శీను. ప్రసాద్ కనిపెట్టి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. నిజమే, వాడు చెప్పినదాంట్లో సగం అబద్ధం. ఆ సగాన్ని చూపించి మిగతా సగాన్ని కూడా కొట్టి పారేశాను.

తరవాత జరిగినది ఇంకా నీచం. వాడు రుజువు చేస్తానని పట్టుబట్టాడు. ఐటీఐ అవగానే వచ్చి, జేబులో ఉన్నదంతా పెట్టి, అదే ఇంజన్ రూమ్ ఆడేవాడు. వెనక అందరూ నిలబడి వెక్కిరించేవారు. అందర్నీ కొట్టేశానని చెప్పుకున్నాడు కదా, కొట్టి చూపించాలి. కాబట్టి ఈసారి తూటాలు జాగ్రత్తగా దాచుకుని తెచ్చేవాడు. చక్కగా కాల్చేవాడు. అక్క చచ్చిపోయేది. మళ్ళీ నిచ్చెన, మళ్ళీ లిఫ్టు. కాల్చకుండా చీకట్లో నక్కాలని నాకు తెలుసు. వాడికీ తెలిసే ఉంటుంది, కానీ పదిమందిలో అన్న మాట వెనక్కి తీసుకోలేకపోయాడేమో. నేను వంగి చెవిలో ‘కాల్చకు’ అని ఒక్క మాట అంటే చాలు. పక్క కుర్చీలోనే కూర్చున్నాను. నోరు మెదపలేదు. పైగా ఒకటి రెండుసార్లు అందరితో పాటు నవ్వాను కూడా.

ఒక రోజు మధ్యలోనే మౌస్ వదిలేసి లేచాడు. ఇంకో కుర్చీ కోసం చూస్తున్న నాతో, “మీరు కూకోండి” అన్నాడు. మొదట వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆ తరవాత బస్టాపులో కనపడినా, ఐటీఐ గేటు దగ్గర ఎదురైనా, ‘బాగున్నారా అండి’ అనేవాడు. బావా అని మళ్ళీ పిలవలేదు. నాకంటే ఏడాది పెద్దవాడు, నన్ను అండి అనేవాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. గౌరవిస్తే ఏం చెయ్యాలి? కొన్నాళ్ళకి సెంటర్‌కి రావడం మానేశాడు. కోతలు కూడా మానేశాడని తరవాత ఎవరో చెప్పారు. మాట్లాడటమే తగ్గించేశాడట.

ఇంజనీరింగ్‌లో నాకు సొంత కంప్యూటర్ వచ్చాక అదే గేమ్ ఏమీ కోయని సీడీలతో దొరికింది. ఆడాను. మళ్ళీ ఆడాను. ఏటా ఎప్పుడో ఒకప్పుడు ఆడుతూనే ఉన్నాను. తూటాలన్నీ పారబోసి, తలుపు పక్క నక్కి కూర్చుంటే, ఆమె వస్తుంది. శీను చూడని ముక్క నేను చూశాను. ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుని, ఎందుకు కాల్చలేదు అని అడుగుతుంది. చాలా బాగా తీశారు. బాగున్నకొద్దీ నాకు కడుపు మండేది. అంతసేపు చేతిలో తుపాకీ పెట్టి, ఒక్క చోట మాత్రం కాల్చకూడదని ఎవడైనా ఎలా కనిపెడతాడు? ముందు చెప్పొద్దా? చెప్పారు, అదే బాధ. మొదటి లెవెల్‌లోనే అక్క అంటుంది, వీళ్ళు చప్పుడు విని వస్తారని. ఆ మాటని మేము ప్రతిసారీ కీ నొక్కి దాటేసేవాళ్ళం. ఇంగ్లీషు నాకు వచ్చు కదా, ఇంక వినేదేముంది?

ఈ మధ్య పూర్ణా మార్కెట్‌లో కనపడ్డాడు. చిన్న వ్యాను నడుపుతున్నాడు, ఉల్లిపాయల బస్తాలు ఎక్కిస్తున్నాడు. వెళ్ళిపోదామనుకున్నాను, కాళ్ళు ఆగిపోయాయి. “బాగున్నారా అండి” అన్నాడు, అదే గొంతుతో. ఆ బస్తాల మధ్యే చెప్పేశాను. ఆ రోజు తలుపు తెరుచుకోవడం చూశాననీ, అక్క గొంతు విన్నాననీ, అబద్ధం ఆడాననీ, ఆ తరవాత కూడా కావాలనే చెప్పలేదనీ. తిడతాడనుకున్నాను. నవ్వేసి, పోన్లే బావా అంటాడనుకున్నాను, అసలు దానికోసమే చెప్పానేమో.

వాడు తాడు ముడి బిగించి, చేతులు దులుపుకుని, నా వైపు చూశాడు.

“నాకెందుకు సెప్తన్నారండి? నాకు తెల్సు కదా. తెలీనోల్లకి సెప్పండి.”

వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

తెలియనివాళ్ళు ఎక్కడున్నారు? ఆ సెంటర్ మూతపడి చాలా కాలమైంది. ప్రసాద్ నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, “ఏ గేమ్ రా? ఏ శీను?” అన్నాడు. గుర్తు చేశాను. “అబ్బ, దానికోసం ఫోన్ చేశావా” అని వేరే కబుర్లలో పడ్డాడు. వాడి మీద కూడా కోపమొచ్చింది. పేరు పెట్టినవాడు మరిచిపోయి హాయిగా ఉన్నాడు. మిగతావాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మిగిలింది మీరు. క్షమించమని అడగడం లేదు, ఆ హక్కు మీకూ లేదు, నాకూ లేదు. మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను, అంతే. ఆ ఆదివారం శీను చెప్పింది నిజం. అక్క బతికింది. నేను చూశాను.