నలుగురూ మళ్ళీ రండి

నిన్న మధ్యాహ్నం ఫోన్‌లో రేస్ చూస్తున్నాను. అదే ఫోన్‌కి మా మరదలు సలోమి కాల్ వచ్చింది.

"బావా... ఆయన లేరు బావా."

"సరేనమ్మా" అన్నానట. సరే ఏమిటి, నా మొహం.

మా తోడల్లుడు ప్రభుదాసు పోయాడు. ఇక్కడ మన కాజిల్‌బార్ ఊళ్ళో మీ పిల్లల సైకిళ్ళకు చైన్లు ఎక్కించిన ప్రభు అంకుల్.

మొదటి నుంచి చెబుతాను. అలా చెప్పమన్నది కూడా అతనే.

మేమిద్దరం ఈ ఐర్లండ్ దేశానికి భార్యల వెనక వచ్చినవాళ్ళం. అక్కాచెల్లెళ్ళు నర్సులు, పరీక్షలు దాటి వచ్చారు. మేం సూట్‌కేసులు మోసుకుంటూ వచ్చాం. తెనాలిలో బైక్ మెకానిక్‌గా ఉన్న ప్రభు ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే కేరర్ అయ్యాడు. నేను ఏమయ్యానన్నది వేరే కథ, అది ఇప్పుడు వద్దు.

అక్కడ అతనితో పనిచేసే పోలండ్ మనిషి ఒకాయన స్పీడ్‌వే చూపించాడు. మట్టి ట్రాక్. నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు. బండికి ఒకే గేరు, బ్రేకు ఉండదు.

"బ్రేకు పోయిన బండ్లు చానా బాగుచేశా అన్నయ్యా. బ్రేకు లేకుండా చేసి అమ్మేది ఇప్పుడే చూస్తన్నా" అన్నాడు ప్రభు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ అదే పిచ్చి. ఏటా వరల్డ్ ఛాంపియన్‌షిప్. అందులోనూ ఫైనల్ కంటే క్వాలిఫయింగ్ రౌండ్లంటేనే అతనికి ప్రాణం.

"ఛాంపియన్‌ని అందరూ చూస్తారు. ఆఖర్న వచ్చేవోడిని మనం కూడా చూడకపోతే ఎట్టా?"

అలా మాకు ఒకడు దొరికాడు. ఏదో చిన్న దేశం వాడు. సొంత వ్యాన్‌లో బండి వేసుకుని యూరప్ అంతా తిరుగుతాడు. పేరు మాకు నోరు తిరగదు. "వ్యానోడు" అనుకునేవాళ్ళం. ఏ ఏడూ క్వాలిఫై కాలేదు. ఏ ఏడూ మేం వదల్లేదు.

ఆ ఆటలో ఒక రూలు ఉంది. మొదటి మలుపులో అందరూ కలిసి గుద్దుకుంటే, రెఫరీ రేస్ ఆపేసి ఎవరి తప్పూ లేదంటాడు. నలుగురినీ మళ్ళీ మొదటి నుంచి రమ్మంటాడు.

ప్రభుకి ఆ రూలు బైబిల్ తర్వాత అంతటిది.

మేం నలుగురం ఒకే ఇంట్లో అద్దెకున్న రోజులు. ఓనర్ ఇల్లు చూడటానికి వస్తున్నాడని, వాసన వస్తుందని, మా ఆవిడ, చెల్లెలి ఎండు మెత్తళ్ళను ప్రెస్‌లోంచి, అంటే వంటింటి అల్మారాలోంచి, తీసి వెనక షెడ్‌లో పెట్టింది. పక్కింటి పిల్లి పండగ చేసుకుంది. అవి వాళ్ళమ్మ బాపట్ల నుంచి పంపినవి. అక్కాచెల్లెళ్ళకు మాటలు ఆగిపోయాయి. ఇద్దరూ ఒకే కారులో డ్యూటీకి వెళ్తూ మాట్లాడుకోరు.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే ప్రభు మమ్మల్ని టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. ఎర్ర తువ్వాలు పైకెత్తి ఊపాడు.

"రేస్ ఆపేశాం. మొదటి మలుపులోనే పడ్డారు. ఎవరి తప్పూ లేదు. నలుగురూ మళ్ళీ రండి!"

"ఎవరి తప్పూ లేకపోవడమేంటి? ఆ పిల్లి తిన్నది నా మెత్తళ్ళు!" అంది సలోమి.

"పిల్లి ఈ రేసులో లేదే."

ముందు మా ఆవిడకి నవ్వొచ్చింది. అంతే. ఆ తర్వాత ఎన్ని గొడవలకు ఆ తువ్వాలు లేచిందో.

ఈ వసంతంలో కడుపులో గడ్డ అన్నారు. ఆలస్యమైందన్నారు. ఫైనల్ దాకా ఉంటావులేరా అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా.

"ఫైనల్ మాట తర్వాత. ముందు క్వాలిఫై అవ్వాలి గదా అన్నయ్యా."

మొన్న హాస్పిటల్లో నా చెయ్యి పట్టుకున్నాడు. బలం లేదు ఆ చేతికి.

"రేపు లాస్ట్ రౌండ్. ఈ మందులకి నేను మేలుకోలేను. నువ్వు ఇంటికాడ చూసి, వచ్చి చెప్పు. గెలిచాడో లేదో ముందే చెప్పేయమాక. మొదటి నుంచి చెప్పు. నీకు సూటిగా చెప్పడం ఎట్టాగూ రాదుగా."

అందుకే నిన్న నేను అక్కడ లేను.

వ్యానోడు జీవితంలో ఎప్పుడూ లేనంత బాగా నడిపాడు ప్రభూ. చివరికి ఒక్క స్థానం మిగిలింది. దానికి నలుగురు సమానం. ఆ నలుగురికీ మళ్ళీ ఒక రేస్. మొదటి మలుపులో నలుగురూ కలిసి పడ్డారు. ఎర్ర లైట్ వెలిగింది. మనవాడు లేచి మట్టి దులుపుకున్నాడు.

రెఫరీ నలుగురినీ మళ్ళీ రమ్మన్నాడు.

నేను కుర్చీలోంచి లేచి అరిచాను. ఇది నీకు ఎలా చెప్పాలా అని అప్పుడే మాటలు పేర్చుకుంటున్నాను. బండ్లు గీత దగ్గరికి వస్తున్నాయి.

అప్పుడు సలోమి ఫోన్.

హాస్పిటల్లో ప్రభు కూతురు నన్ను పట్టుకుని "హి వాజ్ గ్రాండ్ దిస్ మార్నింగ్, పెదనాన్నా" అంటూనే ఉంది, పొద్దున బాగానే ఉన్నాడని.

ఈ ఉదయం ప్రభు వాళ్ళ వంటింట్లో అక్కాచెల్లెళ్ళు మళ్ళీ గొడవపడ్డారు. అతనికి ఏ సూట్ వెయ్యాలని. పెళ్ళి సూటే అంటుంది సలోమి. చిక్కిపోయాడు, వేలాడుతుందే అంటుంది మా ఆవిడ. ఇద్దరూ ఏడుస్తూ అరుచుకుంటున్నారు.

ఆ ఎర్ర తువ్వాలు అక్కడే, ఓవెన్ హ్యాండిల్‌కి వేలాడుతోంది. చేతిలోకి తీసుకున్నాను.

నలుగురూ, అనాలి.

ముగ్గురమే ఉన్నాం.

మళ్ళీ అక్కడే పెట్టేశాను.

రేస్ ఎవరు గెలిచారో నాకు తెలియదు. ఒక్కసారి ఫోన్ నొక్కితే తెలుస్తుంది. నొక్కలేదు. తెలిసి ఎవరికి చెప్పాలి? తెలిసినవాళ్ళెవరైనా దయచేసి కింద రాయకండి.

ఉంటాను తమ్ముడూ. ఇంతవరకే చెప్పగలిగాను.

నొప్పి లేకుండా పడుకో. దేవుడు నిన్ను పదిలంగా చూసుకోవాలి.