మా అన్నవరం రాజమండ్రిలో ఉండేది

కల్యాణ మండపాల్లో మనం ఇంకా పప్పు దగ్గరే ఉండగా వెనక ఎవరో వచ్చి మన కుర్చీ పట్టుకుని నిలబడతారు. సాంబారు దాకా వచ్చేసరికి మన భుజం మీదుగా విస్తట్లోకి చూస్తూ, "తొందరేం లేదండి, నిదానంగా కానివ్వండి" అంటారు. ఆ మర్యాదకి నాకు చాలాసార్లు పొలమారింది. అందుకే మా వైపు ఒక మండపం కట్టకుండా ఆగిపోయినందుకు నాకు సొంతంగా కూడా కొంత సంతోషం ఉంది.

రాజమండ్రి శివార్లలో, కాలవ గట్టున, ఒక ధర్మసంస్థ వాళ్ల మానసిక ఆసుపత్రి ఉండేది. మా నాన్నగారి తమ్ముడు, అంటే మా బాబాయి, వయసులో ఉన్న రోజులన్నీ అక్కడే గడిపాడు. తొంభైల చివర్లో దాని కప్పు కురవడం మొదలైంది, పనిచేసేవాళ్లు తగ్గిపోయారు. చివరికి కమిటీ దాన్ని మూసేసి, స్థలాన్ని కడియం నర్సరీ ఆసామి ఒకాయనకి అమ్మింది. రోగులను ఇళ్లకి పంపేశారు. బాబాయి ఒక రేకు పెట్టెతో, రాజమండ్రికి బస్సులో గంట దూరంలో ఉన్న మా ఇంట్లో దిగాడు. ఆసుపత్రి నేలలో గులాబీ అంట్లు వేస్తారట అని చెబితే, "మంచి నేలేరా. మేమే బతికాం, గులాబీలు బతకవా?" అన్నాడు.

ఆయన రావడం మాకు ఆనందమే. భయమంతా మాత్రల గురించి. అంతకుముందొకసారి ఇంటికొచ్చినప్పుడు మాత్రలు దొరక్క ఆగిపోతే, బాబాయి నిద్ర మానేశాడు, తర్వాత మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాడు. ఇప్పుడు ఆసుపత్రివాళ్లు ఇచ్చి పంపినవి నెలాఖరుకి అయిపోతాయి. మళ్లీ రాసివ్వడానికి మానసిక జబ్బుల డాక్టరు కావాలంటే విశాఖపట్నం పోవాలి. బాబాయి బస్సులో అంతదూరం కూర్చోలేడు.

స్థలం అమ్మిన డబ్బు ఏం చేయాలో తేల్చడానికి కమిటీ రోగుల కుటుంబాలను కూడా పిలిచింది. పిలిచిందంటే, కాఫీ ఇచ్చి నిర్ణయం చెప్పడానికి. ప్రెసిడెంటుగారు రైసుమిల్లు ఓనరు, మంచాయన. "దాతల పేరు మీద కల్యాణ మండపం కడదామండి," అన్నారు. మా వైపు ధర్మం సొమ్ము కాస్త ఖాళీగా కనిపిస్తే చాలు, మండపమై లేస్తుంది. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, అలవాటు.

కాలేజీ లెక్చరర్ని కాబట్టి నేను 'పునరావాసం' అన్న మాట సిద్ధం చేసుకుని గొంతు సవరించుకుంటున్నాను. ఈలోగా మా అమ్మ లేచింది.

"మండపం ఎవరికండీ?"

"మీ పిల్లలకేనమ్మా. పేషెంట్ల ఇళ్లవాళ్లకి అద్దె కూడా తగ్గిస్తాం."

"మా ఇంట్లో మనిషి మందుల్లేక వీధిన పడితే, మా పిల్లలకి సంబంధాలెవరిస్తారండీ? ముందు మందులిప్పించండి. పెళ్లిళ్లు కుదిరాక మండపం మేం వెతుక్కుంటాం."

ప్రెసిడెంటుగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "చెల్లెమ్మ చెప్పిందే కరెక్టండి," అన్నారు. ఆ డబ్బు బ్యాంకులో వేసి, వడ్డీతో రాజమండ్రిలో రెండు గదులు అద్దెకి తీసుకుని, నెలనెలా విశాఖ నుంచి డాక్టరుని రప్పించి మాత్రలు ఉచితంగా ఇవ్వాలని తీర్మానించారు. నా 'పునరావాసం' ఇప్పటికీ కొత్తగానే ఉంది.

మందుల కోసం మొదటిసారి రాజమండ్రి బయల్దేరుతుంటే ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర పట్టుకున్నారు. "ఏంటి వదినగారూ, పొద్దున్నే అందరూ ఎక్కడికండీ?"

కమిటీ ముందు తడబడని మా అమ్మ వీధి ముందు తడబడింది. "అన్నవరం అండి. వ్రతం."

అన్నవరం వెళ్లొచ్చినవాళ్లు ఇంటింటికీ ప్రసాదం పంచకుండా మా వీధిలో బతకలేరు. ఆ సంగతి తిరుగు బస్సులో గుర్తొచ్చింది. అయిపోయిందట అని చెబితే, "అన్నవరంలో ప్రసాదం అయిపోవడమేంటండీ!" అని పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు.

దాంతో మరుసటి నెల నుంచి అమ్మ ముందురోజే గోధుమ రవ్వలో బెల్లం, నెయ్యి వేసి ప్రసాదం వండేది. స్వామి పటం ముందు నైవేద్యం పెట్టేది కాబట్టి అబద్ధం సగమే అని ఆమె లెక్క. విస్తరాకుల్లో పొట్లాలు కట్టడం బాబాయి పని. మొదట్లో చేతులు వణికేవి. కొన్నాళ్లకి అన్నవరం వాళ్లు కూడా అంత చక్కగా కట్టరనిపించేది. మధ్యాహ్నం భోజనం చేసి బాబాయి వసారాలో గురక పెడుతుంటే, ఆ చప్పుడుకి అమ్మ తప్ప ఇంట్లో అందరం విసుక్కునేవాళ్లం. విసుక్కునే తీరిక మాకు అంతకుముందు లేదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక నెల రాజమండ్రి నుంచి తిరిగొచ్చాక, బాబాయే వెళ్లి పిన్నిగారి చేతిలో పొట్లం పెట్టి వచ్చాడు. ఆవిడ కళ్లకద్దుకుని, నోట్లో వేసుకుని, మా గేటు దాకా వచ్చారు.

"కొండ మీద ఇవాళ రద్దీగా ఉందండి," అంది అమ్మ, అడక్కుండానే.

"కొండ సంగతి నాకెందుకండీ వదినగారూ," అన్నారు పిన్నిగారు. "ఓపిక లేకపోతే ప్రసాదం మానెయ్యండి. మీ మరిదిగారి మందులు మాత్రం మానకండి."