అక్కకు నేను తగ్గించిన ఉప్పు

పోయినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. అక్క నడక. కుడిచేతి పట్టు. దుకాణంలో ఎవరు ఎన్ని ఇడ్లీలు తిన్నారో సాయంత్రం దాకా గుర్తుంచుకునే జ్ఞాపకం. మా నాన్న పేరు. నాతో ఆడే మాటల్లో పదింట తొమ్మిది. మొత్తం ఐదు. ఇవి పోవడానికి తొంభై ఆరు రోజులు పట్టింది. ఆ తొంభై ఆరు రోజులూ లెక్క రాసింది నేనే.

నేను నీళ్ల సరఫరాలో పనిచేస్తాను. ట్యాంకులోకి ఎంత వచ్చింది, ఎంత వదిలాం, గేజి చూసి రిజిస్టరులో ఎక్కించడం నా పని. చదువు తొమ్మిదితో ఆగింది. లెక్కలు నేర్పింది ఆ రిజిస్టరే. నన్ను పెంచింది మాత్రం అక్క. మేముండే దీవిలో, గరాచర్మ అనే పేటలో ఆమెకు టిఫిన్ దుకాణం ఉండేది. ఇరవై లీటర్ల సాంబారులో గుప్పిటతో ఉప్పు వేసేది, చెంచా ముట్టుకునేది కాదు. "దీదీ, నమక్ ఏక్‌దమ్ బరాబర్" అనేవాళ్లు బస్సు డ్రైవర్లు, ఉప్పు సరిగ్గా సరిపోయిందక్కా అని.

అరవై మూడో ఏట ఆమెకు బీపీ అని తేలింది. డాక్టరు ఒంట్లో నీరు తీసే మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నాడు, నీళ్లు బాగా తాగమన్నాడు. ఎంత అని నేను అడగలేదు. అంకెలు నేనే వేశాను: ఉప్పు రోజుకు ఒకటిన్నర గ్రాములు, నీళ్లు నాలుగు లీటర్లు. ప్రోతరాపూర్‌లో మా వీధికి మూడు రోజులకోసారి నీళ్లొచ్చే వేసవి అది. నేనూ మా ఆవిడా స్నానం అరబకెట్టుతో సరిపెట్టుకుని, ఆమెకు నాలుగు లీటరు సీసాల నీళ్లు కాచి పెట్టేవాళ్లం.

"నేనేటి, ట్యాంకుననుకున్నావేట్రా? ఊరందరికీ మూడ్రోజులకోపాలి, నాకు రోజూ సప్లయా?" అనేది అక్క.

"తాగక్కా. ఎంత తాగితే అంత బయటికి పోద్ది."

"ఆ చప్పిడి కూడు తినలేక సస్తన్నానురా. చిటికెడు ఉప్పెయ్యి."

వేయలేదు. ఆమెకు తిండి తగ్గింది, వాంతి వచ్చేటట్టు ఉందనేది. తల తూలుతోందంటే నీళ్లు చాలలేదనుకుని ఐదో సీసా పెట్టాను. ఒక మధ్యాహ్నం పక్కింటావిడ ఇచ్చిన పచ్చిమామిడి ముక్కను ఉప్పులో అద్దుకుని, గుమ్మంవైపు వీపు పెట్టి చప్పరిస్తోంది అక్క. చేతిలోంచి లాక్కున్నాను. ఉప్పంతా కడిగి ముక్క తిరిగిచ్చాను. అక్క దాన్ని చూసింది, కింద పెట్టేసింది.

తొంభై ఆరో రోజున ఆమెకు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రికి చేరేదాకా నలభై నిమిషాలు ఆగలేదు. రక్తంలో సోడియం నూట ముప్పై అయిదుకు తగ్గకూడదట. ఆమెకు నూట తొమ్మిది ఉంది.

అక్కడి డాక్టరమ్మకు రోజూ ఉప్పూ నీళ్ల లెక్క రాసిన నా నోటుబుక్కు చూపించాను. ఆమె పేజీలు తిప్పి, హిందీలో నెమ్మదిగా చెప్పింది. మూత్రపిండాలు రోజుకు నూట ఎనభై లీటర్లు వడకట్టి, దాదాపు అంతా వెనక్కి తీసుకుంటాయి. మిగిలిన నీటిని బయటికి పంపాలంటే దానితోపాటు కొంత ఉప్పూ, తిండిలోంచి వచ్చే లవణాలూ పోవాలి. అవి చాలకపోతే నీరు లోపలే ఉండిపోతుంది. పైగా ఆ మాత్ర ఉన్న ఉప్పును కూడా తోడేస్తుంది. రక్తం పలచబడి, మెదడు ఉబ్బుతుంది.

"హిసాబ్ బహుత్ అచ్ఛా రఖా హై ఆప్‌నే" అంది చివర. లెక్క చాలా బాగా రాశారని. వెక్కిరింత కాదు. వెక్కిరించినా బాగుండేది.

నేను శరీరాన్ని ట్యాంకు అనుకున్నాను. ట్యాంకు తూము తెరవడానికి ఉప్పు అక్కర్లేదు.

ఇప్పుడు అక్కకు డాక్టరమ్మ చెప్పిన లెక్కన ఉప్పు రోజుకు ఐదు గ్రాములు. తూచే వేస్తాను. తగ్గించినదంతా కొంచెం కొంచెంగా కలిపి ఇవ్వొచ్చా అని ఒకసారి అడిగాను. నిన్నటి లోటు మూత్రపిండాలకు తెలియదనీ, ఎక్కువైతే బయటికి పంపేస్తాయనీ డాక్టరమ్మ చెప్పింది. ఈ ఏడు మామిడి వచ్చాక ముక్క కోసి, ఉప్పద్ది, అక్క పెదవుల దగ్గర పెట్టాను. నాలుక తగిలించి, మొహం తిప్పుకుంది. అది ఉప్పని తెలిసిందో లేదో నాకు తెలియదు.

రోజుకు మూడున్నర గ్రాముల లోటు, తొంభై ఆరు రోజులు. మూడు వందల ముప్పై ఆరు గ్రాములు. ఇవాళ్టికీ అంతే.