తడిలేని ఏడుపు

పదేళ్లపాటు నేను ఏడ్చి సంపాదించాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫిల్మ్ నగర్‌లో ఇంతకన్నా ఘోరమైన పనులు చేసి మేడలు కట్టినవాళ్లున్నారు. బొంబాయి నుంచి దిగే హీరోయిన్లకు తెలుగులో నమస్కారం, బాగున్నారా అనే రెండు ముక్కలే వచ్చేవి. మిగతా కథంతా నా గొంతులోంచి రావాలి. డబ్బింగ్ థియేటర్ చీకట్లో మైకు ముందు నిలబడేదాన్ని. తెర మీద గ్లిజరిన్ పెట్టుకున్న అమ్మాయి పెదాలు ఎలా వణికితే అలా నా ఏడుపు అతికించేదాన్ని. ఏడుపు సీను అనగానే ముందు నన్నే పిలవమనేంత పేరుండేది నాకు.

సినిమావాళ్లు మద్రాసు నుంచి పెట్టే బేడా సర్దుకుని హైదరాబాదు వస్తున్న రోజుల్లో, ఎనభైల చివర్లో, నేను తెనాలి నుంచి ఇక్కడికి వచ్చాను. నాతో మా పెద్దమ్మ వచ్చింది. ఆవిడ మా అమ్మకు అక్క, అమ్మ పోయాక నన్ను పెంచిన మనిషి. కొండవాలులో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. కిటికీ తెరిస్తే ఒకవైపు బండరాళ్లు, ఒకవైపు బంగళాలు, ఆ బంగళాలకు నీళ్లు మోస్తూ మా ముఖాన దుమ్ము కొట్టే ట్యాంకర్లు కనిపించేవి.

పెద్దమ్మకు పొద్దున లేవగానే వేళ్లు కొయ్యబారిపోయేవి. గ్లాసు పట్టుకోలేకపోయేది, జడ వేసుకోలేకపోయేది. గిన్నెలో వేడినీళ్లు పోసుకుని అందులో చేతులు ముంచి, "అబ్బబ్బ, ఇవి నా వేళ్లు కావే తల్లీ" అంటూ సాగదీసి మూలిగేది. పదకొండయ్యేసరికి అదే మనిషి చేట పట్టుకుని బియ్యం చెరుగుతూ, పక్కవాటావిడతో ఏ హీరోకు ఎవరితో సంబంధమో తేల్చేస్తూ ఉండేది. పొద్దున లేని వేళ్లు మధ్యాహ్నానికి ఎక్కణ్ణుంచి మొలిచాయి? నాకు ఒళ్లు మండేది. దానికి నేను పెట్టిన పేరు నటన. మా కాలనీలో నటన అందరికీ కూడు పెట్టే పని, అయినా ఎవరినైనా తిట్టాలంటే అందరం ఆ మాటే వాడేవాళ్లం.

ఒక సినిమాలో కోడలి చేత చాకిరీ చేయించుకోవడానికి రోజూ పొద్దున్నే జబ్బు తెచ్చుకునే అత్త పాత్ర ఉంది. ఆ పాత్రకు గొంతు ఇవ్వాల్సినావిడ రాలేదు. నువ్వే కానిచ్చెయ్యమన్నారు. నేను కాగితం మీదున్న డైలాగు పక్కన పడేసి పెద్దమ్మ మూలుగు ఉన్నదున్నట్టు దించేశాను, గిన్నెలో నీళ్లు కదిలే చప్పుడుతో సహా. థియేటర్లో జనం పడీపడీ నవ్వారు. నా ఘనకార్యం చూపిద్దామని పెద్దమ్మను మ్యాట్నీకి తీసుకెళ్లాను కూడా. ఆవిడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "నా గొంతు బాగా పట్టావే" అంది.

మర్నాటి నుంచి పెద్దమ్మ మూలగడం మానేసింది. చేతులు నీళ్లలో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చునేది. నేనేమో నటన జబ్బు కుదిరిందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మరో రెండేళ్లకు నా వంతు వచ్చింది. ముందు కనిపెట్టింది డాక్టరు కాదు, సౌండు ఇంజనీరు. బోరబండలో ఉండేవాడాయన, అసలు సిసలు హైదరాబాదీ, అవసరం లేని మాట ఒక్కటి మాట్లాడడు. ఓ రోజు టేకు ఆపి, "అమ్మా, మీ నోట్ల టక్కు టక్కు మంటుంది. జర నీళ్లు తాగి రాన్రి" అన్నాడు. నీ మైకు పాడైంది పో అని ఆయన మీద ఎగిరాను. ఆయన టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. నేను పలికే ప్రతి రెండు మాటల మధ్యా టక్కుమని ఒక చప్పుడు వస్తోంది. నా నాలుక అంగిలికి అతుక్కుని ఊడుతున్న చప్పుడది.

ఇక సలహాల వాన మొదలైంది. ఫిల్మ్ నగర్‌లో గొంతు గురించి తెలియని ప్రాణి లేదు. ఒకరు పటికబెల్లం చప్పరించమన్నారు, ఒకరు మిరియాలు నమలమన్నారు. మేకప్‌మ్యాన్ టోలిచౌకిలో ఎవరో హకీము దగ్గరి నుంచి నల్లటి లేహ్యం పట్టుకొచ్చాడు. ప్రొడక్షన్ మేనేజరు నాకు దిష్టి తగిలిందని తేల్చి నా చుట్టూ ఎండుమిర్చి తిప్పాడు. ఆ ఘాటుకు థియేటర్లో అందరికీ కళ్లమ్మట నీళ్లు కారాయి, నాకు తప్ప. అప్పటికే నా కళ్లల్లో ఎవరో ఇసుక పోసినట్టుండేది. ఇద్దరు డాక్టర్లు బలం బిళ్లలు రాశారు. మూడో ఆయన పెళ్లి చేసుకోమన్నాడు.

అలా నెట్టుకొస్తుండగా ఒక పెద్ద సినిమా క్లైమాక్సు వచ్చింది. అన్న శవం మీద పడి హీరోయిన్ ఏడవాలి. పేజీన్నర ఏడుపు. నాలుగు మాటలు అనేసరికి నోరెండిపోయి మాట తెగిపోతోంది. డైరెక్టరు గారు ఎంతకీ తృప్తి పడక లోపలికొచ్చి లైటు వేయించారు. నా పొడి మొహం చూశారు. "కళ్లు తడవకుండా ఏడుపేంటమ్మా, నటిస్తున్నావా" అన్నారు. నటించడానికి డబ్బిచ్చి పిలిచిన మనిషే ఆ మాట అడిగారు. సోమవారానికి సరిగ్గా చెప్పకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటానన్నారు. అలా ఒక్క సీను పోతే సాయంత్రం టీలకల్లా అన్ని ఆఫీసులకూ తెలిసిపోతుంది. గొంతు పోయిన మనిషిని ఇక ఎవరూ పిలవరు. నాకు రెండో పని రాదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే నేను ఏడవాల్సిందే.

బయటికొస్తుంటే సౌండు ఇంజనీరు నన్ను ఆపాడు. "మా చెల్లెకు గిట్లనే ఉండె. గొంతు డాక్టర్‌తోని కాలే. కీళ్ల డాక్టర్ తాన చూపెట్టినం" అన్నాడు. నోరెండితే కీళ్ల డాక్టరేమిటి, నా మొహం, అనుకున్నాను. కానీ నా నోటిలోపలి సంగతి చెవులతో విన్న మనిషి ఆయనొక్కడే. మర్నాడే వెళ్లాను.

ఆ డాక్టరు నా వయసు మనిషే. నా కింది రెప్పలో చిన్న కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కదలొద్దంది. తీసి చూస్తే అంచు మాత్రం కాస్త తడిసింది. ఏడుపులో అంత పేరున్న నాకు కన్నీళ్ల పరీక్షలో సున్నా వచ్చింది. రక్తం తీసుకుని, నాలుగు రోజులు ఆగి రమ్మంది.

శనివారం వెళితే జబ్బు పేరు చెప్పింది. ఎవరో దొరగారి పేరది, నోరు తడిగా ఉన్నప్పుడే పలకడం కష్టం. ఒంట్లో జబ్బుల మీద పోరాడే కాపలా ఒకటి ఉంటుందట. అది పొరబడి, సొంత ఒంట్లోనే నోటికీ కంటికీ తడినిచ్చే గ్రంథుల మీద పడుతుందట. నాకు జూబ్లీహిల్స్ బంగళాల వాచ్‌మెన్ గుర్తొచ్చారు. కారులో వచ్చిన దొంగకు సలాం కొట్టి గేటు తీస్తారు, నడిచొచ్చిన ఇంటాయన్ని ఆపి ఎవరు కావాలంటారు.

అంతవరకూ అర్థమైంది. ఆ తర్వాతే కోపమొచ్చింది. నాకే ఎందుకు, ఈ ఊళ్లో డబ్బులెగ్గొట్టే ప్రొడ్యూసర్లు ఇంతమంది ఉండగా, అని అడిగేశాను. డాక్టరు నవ్వింది. న్యాయం చూసుకుని రాదండీ అంది. ఈ రకం జబ్బులు ఎక్కువగా ఆడవాళ్లకే వస్తాయట. పుట్టుకతో వచ్చే గుణం కొంత, ఒంట్లో ఊరే హార్మోన్లు కొంత, ఏదో ఒక జ్వరం రాజేసే నిప్పు కొంత. అదే గుణంతో పుట్టినా కొందరికి జీవితాంతం ఏమీ కాదట, అదెందుకో తమకూ పూర్తిగా తెలియదంది. నేను చేసిన తప్పేమీ లేదని మాత్రం రెండుసార్లు చెప్పింది. ఒకే ఇంట్లో ఒకరికి నోరెండితే, ఇంకొకరికి థైరాయిడు, మరొకరికి కీళ్లు పట్టుకోవచ్చట.

"మీ ఇంట్లో పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి, పొద్దెక్కేకొద్దీ సర్దుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

లేరని చెప్పబోయాను. ఆ మ్యాట్నీ నవ్వంతా ఒక్కసారిగా చెవుల్లో పడింది. కూర్చున్నచోటే సిగ్గుతో చచ్చిపోయాను.

ఉన్నారండీ అని చెప్పి, లేచే ముందు ఒక కాగితం రాయించుకున్నాను. ఈమెకు జబ్బు ఉంది, నోట్లో తడి ఊరదు, మాటమాటకూ నీళ్లు తాగనివ్వాలి, అని. సోమవారం అది డైరెక్టరు గారి చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదువుకుని, సరే, నీళ్లు తాగు, అన్నారు. సౌండు ఇంజనీరు పేజీన్నరనూ ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించాడు. తెర మీద గ్లిజరిన్, తెర వెనక నీళ్ల సీసా, అయినా ఆ సీనుకు జనం వెక్కివెక్కి ఏడ్చారట. ఆ హీరోయిన్ తర్వాతి సినిమాకు గొంతు వేరే అమ్మాయి చేత చెప్పించారనుకోండి. నాకు తల్లులు, వదినలు మిగిలారు. వాళ్లతో ఇల్లు గడిచింది.

ఆ వారంలోనే పెద్దమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చేతులు అంత దగ్గరగా నేనూ అప్పుడే చూశాను. వేళ్లన్నీ చిటికెనవేలి వైపుకు వాలిపోయి ఉన్నాయి. డాక్టరు ఒక్కో కణుపూ నొక్కి చూసింది. వంగినవి ఇక తిన్నగా కావు, మిగతావి వంగకుండా మందులతో ఆపొచ్చు, అంది. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని అడిగింది. పెద్దమ్మ నా పేరు చెప్పలేదు. పొద్దున పూటే కదా అని ఊరుకున్నానమ్మా అంది.

తన వేళ్ల కేసి చూసుకుంటూ, "అయితే ఇది జబ్బేనంటారా?" అని అడిగింది.

"జబ్బేనండీ."

"ఆ ముక్క కాగితం మీద రాసివ్వండమ్మా. మొన్న మా పిల్లకి రాసిచ్చారుగా, అలాంటిది."

మీరు ఏ ఆఫీసులో చూపించాలండీ అని డాక్టరు నవ్వుతూ అడిగింది.

పెద్దమ్మ నా వైపు చూడలేదు. "ఇంట్లో," అంది.

ఆ కాగితం మడవడానికి వేళ్లు సహకరించకపోతే నేనే మడిచి ఆవిడ సంచిలో పెట్టాను. ఆటోలో జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటేసరికి నాకు ఏడుపు ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్లల్లో మాత్రం చుక్క లేదు. పెద్దమ్మ నా పొడి మొహం కేసి కాసేపు చూసింది. వంకర వేళ్లతో నా చెంప తుడిచి, "చాల్లే, నటించకు" అంది.