బియ్యప్పిండి ముగ్గు

దయ్యాలను నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. బతికున్నవాళ్ళతో వేగేసరికే పొద్దు గుంకేది, ఇక చచ్చినవాళ్ళ సంగతి ఎవరికి కావాలి? మా అమ్మ పిల్లలకు దిష్టి తీస్తుంటే మిరపకాయలు దండగ అని పోట్లాడేదాన్ని. కాబట్టి ఇది చదివి నాకు మతి పోయిందనుకునేవాళ్ళు అనుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. అప్పట్లో మా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. మేం ఎమ్మిగనూరులో కాపురం ఉండేవాళ్ళం. మా ఆయనకు ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తా పని దొరికింది. సంతోషమే. కానీ ఇల్లు వెతికే పని మాత్రం ఆయనకు వదలదలుచుకోలేదు.

ఎందుకంటే ఎమ్మిగనూరు ఇల్లు ఆయన చూసిందే. ఎండాకాలంలో కూడా గోడలకు చెమ్మ. నా మొదటి బిడ్డ, మగపిల్లాడు, ఏడాది నిండకుండానే నెమ్ము చేసి ఆ ఇంట్లోనే పోయాడు. తరువాత పుట్టిన నాగరత్నకు అప్పుడు ఐదేళ్ళు. పుల్లలాంటి పిల్ల, గాలి మారితే దగ్గు. ఆదోని పేరెత్తగానే మా ఆయనతో తెగేసి చెప్పాను.

"మీరు సూసిన ఇల్లు సాలు. ఈసారి నేనే సూస్తా."

ఆయన నవ్వి, సరే పో అన్నాడు.

మా మేనమామ ఇంట్లో నాలుగు రోజులుండి ఆదోని అంతా తిరిగాను. మిల్లుల దగ్గర ఇళ్ళున్నాయి గానీ గాలంతా దూదిపీచు, పిల్ల బతకదు. కోట కొండ కింద ఇళ్ళు చల్లగా ఉంటాయన్నారు. వెళ్ళి చూస్తే బండల సెగ, నీళ్ళకు మైలు దూరం. బజారు పక్కన బండ్లు, ఎద్దులు, పొద్దస్తమానం బూతులు.

వీధి మంచిదా కాదా తెలియాలంటే ఎవర్నీ అడగకూడదు, పొద్దున్నే వెళ్ళి వాకిళ్ళు చూడాలి అనేది మా అత్త. ఎండ పొడిచేలోపు ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గేసిన వాకిళ్ళుంటే ఆ ఆడవాళ్ళకు ఇల్లూ పిల్లలూ పట్టినట్టు. ఆ లెక్కనే నేనూ చూశాను.

ఐదో రోజు పొద్దున ఒక వీధి దొరికింది. ఇరవై మిద్దె ఇళ్ళు, మొదట్లో తియ్యనీళ్ళ బావి, కొసన ఒక అయ్యవారి వీధిబడి. వాకిళ్ళన్నీ అద్దంలా ఉన్నాయి. నడిమధ్య ఇల్లు బాడుగకు ఉంది, తలుపుకు తాళం. అయినా దాని వాకిట్లో పచ్చిపచ్చిగా ముగ్గు, గడపకు పసుపు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఖాళీ ఇంటి వాకిలి కూడా బోసిపోనివ్వని మనుషులు! ఇంతకంటే మంచి ఇరుగుపొరుగు ఎక్కడుంటుంది అనుకున్నాను. పక్కింటి మహదేవమ్మ బయటికొచ్చి, సంకలో పిల్లను జోకొడుతూ నవ్వుతూ పలకరించింది.

"మంచి ఈది అక్కా. బిరాన వచ్చేయండి."

ముగ్గెవరు వేశారని నేను అడగలేదు. ఎవరో వేసి ఉంటారు, అందులో అడగడానికేముంది?

వారం తిరక్కుండా పాలు పొంగించి ఇంట్లో దిగాం. మొదటిరోజు కోడి కూయగానే చీపురు, బకెట్టు పట్టుకుని తలుపు తీశాను. వాకిలి చల్లి ఉంది. ముగ్గేసి ఉంది. మహదేవమ్మ పనే, కొత్తగా వచ్చామని చేసింది అనుకున్నాను. మరుసటి రోజూ అంతే. ఆ తరువాత రోజూ అంతే. అడిగితే ఆమె తల తిప్పుకుని, నేను కాదక్కా అంది.

ఒక విషయం చెప్పాలి. ఆ ముగ్గు సుద్దపొడితో వేసింది కాదు, బియ్యప్పిండి. మధ్యాహ్నానికి చీమలు బారులు కట్టేవి, సాయంత్రానికి గీత మిగిలేది కాదు. యుద్ధం రోజుల్లో బియ్యం కంటికి కనబడేవి కావు. మేం తినేది జొన్నరొట్టె, కొర్రన్నం. పండగనాడు తప్ప వరి అన్నం ఎరగని వీధిలో రోజూ నేలపాలుగా బియ్యప్పిండి చల్లేంత కలిగినమ్మ ఎవరో నాకు అంతుపట్టలేదు.

ఒకసారి కోడి కూతకు ముందే లేచి అరుగు మీద కూర్చున్నాను. వీధిలో పిట్ట కూడా లేదు. లోపల నాగరత్న నీళ్ళడిగింది. ఒక చెంబు ముంచి ఇచ్చి బయటికొచ్చేసరికి ముగ్గు పడి ఉంది. గడప పసుపు చేతికి అంటింది.

మా ఆయనకు చెబితే, పని తప్పింది గదా, నీకేం నొప్పి అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అలాగే అనిపించింది. రెండు నెలలకు ఆ ముగ్గు అలవాటైపోయింది. ఎందుకంటే నా పిల్ల ఆ ఇంట్లో తేరుకుంది. దగ్గు పోయింది, బుగ్గలు వచ్చాయి. బడికి పరుగెత్తుకుంటూ వెళ్ళేది. ఇల్లు చూడ్డమంటే ఇదీ అని మా ఆయన్ను ఎత్తిపొడిచేదాన్ని కూడా.

ఒక మంగళవారం తలుపు తీస్తే వాకిలి పొడిగా ఉంది. ముగ్గు లేదు. నాకు నవ్వొచ్చింది. ఎవరోగానీ ఇన్నాళ్ళకు అలిసిపోయింది మహాతల్లి అనుకుని నా సుద్దపొడితో నేనే నాలుగు గీతలు గీశాను. నాగరత్న సద్దిరొట్టె తిని బడికి వెళ్ళింది. మధ్యాహ్నం వెనక్కి వచ్చేసరికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

డాక్టరు విషజ్వరం అన్నాడు. ఆ మూడు రోజులూ వాకిట్లో ముగ్గు పడలేదు. గురువారం మధ్యాహ్నం నా పిల్ల పోయింది.

మట్టి చేసి వచ్చి మా ఆయన అరుగు మీద కూలబడ్డాడు. నా ముఖం చూడకుండా అన్నాడు. "నువ్వు సూసిన ఇల్లే గదా ఇది."

ఆ ఒక్కసారే అన్నాడు. మళ్ళీ బతికినంతకాలం అనలేదు. రోజూ తిట్టినా నాకింత బాధ ఉండేది కాదు.

నాలుగోరోజు పొద్దున తలుపు తీశాను. తడి వాకిలి, తెల్లటి ముగ్గు, గడపకు పసుపు. నా ఒంట్లోకి ఏం వచ్చిందో తెలియదు. కడవెడు నీళ్ళు కుమ్మరించి చీపురుతో రాకుతూ వీధి అదిరేలా తిట్టాను. తలుపులు తెరుచుకున్నాయి. చివరికి మహదేవమ్మే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ముందున్నోళ్ళకీ ఇంతే అక్కా. ముగ్గు నిలిసిపోయింది, మూడు దినాలకు వాళ్ళ పిల్లోడు పోయినాడు."

"తెలిసీ నాకు యాల సెప్పలేదే పాపిష్టిదానా?"

ఆమె భోరుమంది. "ఆ ఇల్లు శానా దినాలు ఖాళీగా ఉండె. నువ్వు సూడనీకి వచ్చిన దానికి రెండు దినాల ముందు ఆ ముగ్గు ఒక పొద్దు మా వాకిట్లో పడి, మల్లా ఆ ఇంటికే పాయె. నాకు ముగ్గురు పిల్లోల్లక్కా. ఎవరో ఒకరు ఆ ఇంట్లోకి వస్తే సాలనుకున్యా."

నా చేతిలో చీపురుతో ఆమెను కొట్టాల్సింది. కొట్టలేదు. ఆ వీధిలో అందరికీ తెలుసు, అందరికీ పిల్లలున్నారు. వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలని నా పిల్లను పిలుచుకున్నారు. ఇలాంటి మనుషులుండగా ఇక దయ్యాలు దేనికి?

ఎమ్మిగనూరుకు పోదామంటే, ఆడ పని ఎవరిస్తారన్నాడు మా ఆయన. యుద్ధం రోజుల్లో వేరే వీధిలో ఇల్లు దొరకలేదు. అదే వీధిలో నాలుగిళ్ళ అవతల దొరికిన గదిలోకి మారాం. పాత ఇంటికి మళ్ళీ తాళం పడింది. అప్పటికి నాకు నాలుగో నెల. రోజూ తెల్లవారుతూనే చెయ్యి కడుపు మీద పెట్టుకుని తలుపు తీసేదాన్ని. ముందు నా వాకిలి చూసుకునేదాన్ని, తరువాత ఆ ఇంటి వాకిలి. ముగ్గు అక్కడే ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని.

ఏడో నెలలో ఒక పొద్దున ముగ్గు నా అరుగు కింద ఉంది.

ఆ మధ్యాహ్నమే పత్తికొండ వైపు నుంచి ఒక పడుచుపిల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చంకలో రెండేళ్ళ కొడుకు. మొగుడికి బజారులో పని దొరికిందట. ఆ తాళం వేసిన ఇంటి వైపు చూపించింది.

"అక్కా, ఆ ఇల్లు ఎట్లుంటాది? పిల్లోడు గలోళ్ళం."

ఆ పసివాడు నా గాజులు పట్టుకుని లాగుతున్నాడు. వీధిలో మిగిలిన ఆడవాళ్ళంతా ఎవరి తలుపుల దగ్గర వాళ్ళు నిలబడి నా నోరే చూస్తున్నారు.

"బావి నీళ్ళు తియ్యగుంటాయమ్మా," అన్నాను.

వాళ్ళు ఆ వారమే దిగారు. మరునాటి నుంచి ముగ్గు వాళ్ళ వాకిట్లోనే పడింది. నాకు కొడుకు పుట్టాడు, ఇప్పటికీ చల్లగా ఉన్నాడు. వాడికి మూడో నెల రాగానే మేం ఆ ఊరు వదిలేశాం. ఆ పిల్లోడు ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. ఆదోని నుంచి ఎవరైనా వస్తే మాట మార్చేదాన్ని.

ఆ ముగ్గు ఎవరు వేశారో ఇన్నేళ్ళ తరువాత కూడా చెప్పలేను. అది మాకు కీడు చేసిందో, జరగబోయే కీడును ముందే చెప్పిందో, అదీ తేల్చుకోలేకపోయాను. ఆ పిల్లతో ఆ మాటన్నది మాత్రం నేనే.