అడయారు తోటలో నోరు మూసుకున్న పూట

చింతాద్రిపేట అయ్యవారు పోయారని మొన్న మంగళవారం పొద్దున మిత్రుడు వచ్చి చెప్పాడు. హైస్కూల్లో మా ఇద్దరికీ ప్రకృతిశాస్త్రం చెప్పిన మనిషి. మిత్రుడు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. 'నీకు అన్యాయం చేశానురా' అన్న ఒక్క మాట అనకుండానే తప్పించుకుపోయారు. చచ్చినవాడి కళ్ళు చారెడని సామెత. సంతాపసభలో అందరూ చారెడు చారెడు పొగిడారు. నేను ఉన్నదున్నట్టు చెబుతాను.

మేం చదువులు ముగించి ఇంటివాళ్ళమయ్యాక కూడా, ఆదివారాలు మమ్మల్ని వెంటబెట్టుకుని అడయారు నది పక్కకు పిట్టలను చూడటానికి తీసుకుపోయేవారు. తెల్ల చొక్కా వేసుకొస్తే బస్సు ఎక్కనిచ్చేవారు కాదు. దుర్భిణి ఎప్పుడూ ఆయన మెడలోనే. అడిగితే, "దేవుడిచ్చిన కండ్లు ముందర అరిగిపోనీరా, ఆనక ఇస్తా" అనేవారు. అన్నిటికన్నా పెద్ద నియమం మౌనం. బస్సు దిగింది మొదలు పెరుగన్నం పొట్లాలు విప్పేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. పిట్ట కనిపిస్తే చెయ్యెత్తాలి, అంతే. ఒకసారి తుమ్మిన పాపానికి మిత్రుణ్ణి ఎండాకాలమంతా రానివ్వలేదు. పిల్లలను కన్న మగవాళ్ళం, ఆయన ముందు మాత్రం బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లకాయలమే.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయి ఆఫీసులు కర్నూలుకు తరలిపోయినప్పుడు నా టెంపరరీ గుమాస్తా పని ఊడింది. ఇంట్లో పసిబిడ్డ. మా మేనమామ కాళ్ళావేళ్ళా పడి ఒక తోళ్ళ వ్యాపారి దగ్గర నాకు ఉద్యోగం మాట్లాడాడు. కుర్రాణ్ణి ఒకసారి చూసి చెబుతానన్నాడట వ్యాపారి. నది ఒడ్డున ఆయన బంగళా తోటలోకే మేం పిట్టల కోసం వెళ్ళేది.

ఆ ఆదివారం మామిడిచెట్ల కింద ఎండుటాకులు కదిలాయి. పొన్నంగి పిట్ట. వానాకాలం చివర ఎక్కడినుంచో వచ్చి, నేలమీద ఆకుల మధ్య దాక్కుని తిరిగేది. చెయ్యెత్తాను. అయ్యవారు దూరం నుంచి పిల్లిలా అడుగులు వేసుకుంటూ రాసాగారు. అంతలో పక్క దారిన బంగళా యజమాని వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"మీ మామ చెప్పిన పిల్లోడివి నువ్వేనా అప్పా?"

అయ్యవారు ఆయన వెనకనుంచి పెదవుల మీద వేలు పెట్టి నన్ను చూశారు. ఆ చూపు చిన్నప్పటినుంచీ నాకు తెలుసు. నా నాలుక లేవలేదు.

"నిన్నే అడిగేది. పేరేంది?"

నేను నిలబడే ఉన్నాను. "ఇంత పొగరా? సరి, పో" అని ఆయన చెప్పులు టపటపలాడిస్తూ వెళ్ళిపోయాడు. ఆ చప్పుడుకు పిట్ట కూడా ఎగిరిపోయింది.

"ఎగిరిపాయ గదరా" అన్నారు అయ్యవారు. మౌనం చెడింది ఆయన నోటితోనే. నా ఉద్యోగం గురించి ఆయనకు తెలుసు. వెళ్ళి యజమానికి సర్దిచెప్పమని మిత్రుడు బతిమాలితే, "మడిసి నోరు మూసుకున్నందుకు కోపగించుకునే వాడి దగ్గర ఏం కొలువురా" అన్నారట. సుద్దులు చెప్పడానికేం, ఆయనకు పెన్షను వస్తోంది. నా పెళ్ళాం గాజులు అమ్మింది. చివరికి పెరంబూరులో ఒక మందుల కొట్లో చేరాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. మళ్ళీ ఆయనతో నది వైపు పోలేదు. ఆయన నేర్పిన చూపు మాత్రం నన్ను వదల్లేదు. కొట్టు ముందు కరెంటు తీగమీద వాలినదాని పేరు చెప్పకుండా ఉండలేను. అందుకు రుణపడే ఉన్నాను, ఇష్టం లేకుండానే.

పోయిన నెల ఆయన మంచాన పడ్డారని తెలిసి వెళ్ళాను. చూడటానికి కాదు, అడగటానికి. నేను నోరు తెరవకముందే ఆయన అన్నారు.

"ఆ పొద్దు ఆ మడిసి అడ్డం నిలబడినాడు. నేను పిట్టని చూడనే లేదురా. ఆ మునుపూ చూడలా, ఆనకా చూడలా. ఎట్టుండాది?"

చెప్పకుండా లేచి రావాలనుకున్నాను. కానీ చెప్పాను. ఆకుపచ్చ వీపు, రెక్కమీద నీలం మచ్చ, కంటిమీదుగా నల్లటి గీత, పొట్టకింద కుంకుమ. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ముగించి, ఇప్పుడైనా ఆ మాట వస్తుందేమోనని ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాను.

కళ్ళు తెరవకుండానే, "తోక చెప్పలా నువ్వు" అన్నారు.