పడవ వింటుండగా

నాగూర్ వలికి ఒకప్పుడు మూడు తెరచాప పడవలుండేవి. ఈ మాట నేను మర్చిపోతానేమోనని, మా కృష్ణా నది రేవులో నేను టీ బంకు పెట్టిన నాటి నుంచీ రోజూ గుర్తుచేసేవాడు. మొదటిది నాపరాళ్లు మోసి మోసి నడుం విరిగిందట. రెండోది మిరపకాయల బస్తాలు మోసేదట. అది పాతబడి విప్పేశాక, పలకలు పొయ్యిలో పెడితే వారం రోజులు ఇల్లంతా తుమ్ములేనట. ఆ తుమ్ముల సంగతి చెప్పి నవ్వుతూనే కళ్లు తుడుచుకునేవాడు. భార్య హజ్రా బీ గురించి ఒక్క మంచి మాట అనగా నేను వినలేదు గానీ, పడవల్ని మాత్రం "నా పిల్లలు" అనేవాడు.

మూడోది చిన్నది, చురుకైనది. భుజం పట్టేసి చాప తాడు లాగలేకపోయాక, ఎనభై నాలుగులో దాన్ని రేవులో పడవ నడిపే కుర్రాడు ఏసోబుకి అమ్మేశాడు. అమ్మినా వదల్లేదు. పడమటి గాలి లేవబోతుంటే ముందే పసిగట్టి, పని మానుకుని, తెల్లటోపీ పెట్టుకుని, పడవ ఒడ్డు చేరేదాకా నీళ్ల అంచున అటూ ఇటూ తిరిగేవాడు. ఆ ప్రేమ చూసి నేను తెగ ఆటపట్టించేదాన్ని.

మరుసటి ఏడు మృగశిర కార్తెలో హజ్రా బీ ఆ పడవలోనే అవతలి ఒడ్డున ఉన్న చెల్లెల్ని చూడబోయింది. మధ్యాహ్నం తిరిగి రావాలి. వలి నా బంకులో కూర్చుని టీ తాగుతూ ఉన్నట్టుండి ముఖం పైకెత్తాడు. నా పొయ్యి పొగ ఇంకా నిటారుగానే లేస్తోంది.

"గాలి తిరుగుతంది రాజమ్మా," అన్నాడు. సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అయితే ఏంది వలన్నా? పోయి నిలబడు. నీ పిల్ల వస్తంది."

"కాళ్లు రావట్లా." గొంతు తగ్గించి చెప్పాడు. "దానికో జబ్బుంది. పడమటి గాలికి చాప నిండా ఎత్తితే ఎడమ పక్కకి ఒరిగిద్ది. ఆ పక్క పలక సందులో నీళ్లు తాగిద్ది. నేనైతే చాప సగానికి దించి తెచ్చేవాణ్ణి. ఏసోబుకి చెప్పలా."

నాకు ఒళ్లు మండింది. "అమ్మేటప్పుడు నోరు పడిపోయిందా?"

"పడవ వింటా ఉంటే దాని తప్పు ఎట్టా చెప్తాం? తర్వాత చెబుదామనుకున్నా. రేపు, ఎల్లుండి అనుకుంటా ఏడాదైంది. ఇప్పుడు చెప్తే మోసగాడంటాడు."

పడవ నడిపే సరంగులకి ఆ పట్టింపు ఉందని నాకూ తెలుసు. పడవ ఎదుట దాని లోపం ఎత్తరు. కానీ ఏడాదిగా ఈ మనిషి ఒడ్డున తిరిగింది ప్రేమతో కాదు, భయంతో అని అప్పుడే తెలిసింది. ఇవాళ ఆ పడవలో పెళ్లాం ఉందని కాళ్లే చచ్చుబడ్డాయి.

తడిక పక్కనుంచి చూశాను. పడవ నడి ఏట్లో ఉంది. చాప పైదాకా ఎత్తి ఉంది. "లేవయ్యా!" అని రెక్క పట్టుకుని బయటికి లాగాను. వలి తూలుతూ నీళ్ల అంచుకి పరిగెత్తాడు. అరిచినా నడి ఏటిదాకా వినబడదు. టోపీ సర్దుకుంటూ అటూ ఇటూ నాలుగడుగులు వేశాడో లేదో, పడవలో చాప గబగబా సగానికి దిగింది. వెంటనే గాలి విసిరికొట్టింది. నా బంకు మీది తాటాకులు నాలుగు ఎగిరిపోయాయి. పడవ కాస్త ఒరిగి, మళ్లీ నిలదొక్కుకుంది.

హజ్రా బీ ఒడ్డున కాలు పెడుతూనే మొగుడి మీద విరుచుకుపడింది.

"ఏందయ్యా, ఇంతసేపు యాడ చచ్చావు? నీ టోపీ కనబడకపోతే గాలి రాదనుకున్నాం!"

వలికి ఏమీ అర్థం కాలేదు. తాడు కడుతూ ఏసోబు నవ్వాడు. "నువ్వు గట్టు మీద తిరిగితే చాప దించమని అత్త చెప్పింది మామా. అమ్మిన మర్నాడే. పలక సంగతి కూడా."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు వలి, పెళ్లాం వైపు తిరిగి.

"చెప్తే నువ్వు గట్టు మీదికి రావడం మానేస్తావు. ఇక గాలి సంగతి మాకెవరు చెప్తారు?" అంది హజ్రా బీ.

వలి మోకాటి లోతు నీళ్లలోకి దిగి, భుజం మీది తువ్వాలుతో పడవ ఎడమ పక్క తుడిచాడు.

"ఏసోబూ, ఇట్రా. ఇదిగో, ఈ సందు. ఎంత పూడ్చినా ఆగదు. పలకే మార్చాల," అన్నాడు, పడవ వింటుండగానే.